మూడో గంట కొట్టిన కుక్క

"అంతా బాగానే ఉంది గానీ అమ్మాయ్, కుక్కేదీ?" అని అడిగారు ఆపరేటర్ గారు.

స్టూడియో అంటే రెండే గదులు. లోపలి గది గోడలకు స్పాంజి పలకలు అంటించి ఉండటం వల్ల ఆ ప్రశ్న ఎక్కడా తగిలి తిరిగిరాకుండా నేరుగా వచ్చి బల్ల మీద పడింది. ఎదురుగా కూర్చున్న అమ్మాయి చేతిలో పెన్సిల్ ఆగిపోయింది.

"ఏ కుక్క సర్?"

"ఏ కుక్కేమిటి? సైకిళ్ళు బాగుచేసే ముసలాయన కొట్టు ముందు పడుకుని ఉంటుందే! ఒక చెవి వాలిపోయి, వెనక కాలు ఈడ్చుకుంటూ నడుస్తుంది. నలభై నిమిషాల నుంచి వింటున్నాను, దాని ఊసే ఎత్తవు. ఏం, మీ ఇద్దరికీ పడలేదా?"

ఆ అమ్మాయి పని చూపులేనివాళ్ళ కోసం సినిమాలకు వ్యాఖ్యానం రాయడం. పాత్రల మాటల మధ్య దొరికే ఖాళీల్లో, తెర మీద ఏం కనిపిస్తోందో చెప్పాలి. ఎవరు తలుపు తీశారు, ఎవరు మొహం తిప్పుకున్నారు, ఉత్తరం చదివింది ఎవరు, చింపింది ఎవరు. ఖాళీ మూడు సెకన్లదైతే మూడు సెకన్లలో ఒదిగే మాటే రాయాలి. రాసినదాన్ని ముందు తన గొంతుతోనే రికార్డు చేసి, చూపులేని శ్రోత ఒకరికి మొదటి నుంచి చివరి దాకా వినిపిస్తుంది. సరిగ్గా ఉందని ఆ శ్రోత సంతకం చేస్తేనే వ్యాఖ్యానం హాలుకు వెళుతుంది. ఈసారి సినిమా ముప్ఫై రెండేళ్ళ నాటిది. మరకలు తుడిచి, శబ్దం బాగుచేసి, వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఆటగా మళ్ళీ వేస్తున్నారు. కొడుకును పోగొట్టుకున్న ఒక సైకిల్ మెకానిక్కుకూ, తల్లిని పోగొట్టుకుని ఎదురింటికి వచ్చిన పంతొమ్మిదేళ్ళ పిల్లకూ కుదిరిన స్నేహం కథ అది. శ్రోతగా వస్తారా అని ఫోన్ చేసినప్పుడు, సినిమా పేరు వినగానే ఆపరేటర్ గారు ఒక్క క్షణం ఆగి, "ఎన్నింటికి రమ్మంటారు?" అన్నారు.

ఆ ఒక్క క్షణం వెనక చాలా ఉంది.

నాలుగో ఏట జ్వరంతో చూపు పోయిన ఆయనను, తల్లి లేని ఆ ఇంట్లో, అక్క పెంచింది. అక్షరాలు, అంకెలు, ఎవరైనా జాలిపడితే గట్టిగా దగ్గడం, అన్నీ ఆమె నేర్పినవే. ఇరవై రెండో ఏట పెద్దాసుపత్రి టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఉద్యోగం దొరికింది. రెండు వందల పది లైన్లు. ఏ ప్లగ్గు ఏ వార్డుదో వేళ్ళకు తెలుసు. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఆయన చెవులు ఎంత పదునెక్కాయంటే, అవతల ఫోన్ ఎత్తినవాళ్ళు నోరు తెరవకముందే, వాళ్ళు పీల్చిన ఊపిరిని బట్టి "చెప్పండి సిస్టర్" అనో "ఏమిటి డాక్టరు గారూ, మళ్ళీ కళ్ళజోడు పోయిందా?" అనో అనేవారు.

నలభై ఆరో నంబరు లినెన్ గదిది. అక్కడ దుప్పట్లు, రోగుల గౌన్లు కుట్టేవాళ్ళు, చిరిగినవి అతికేవాళ్ళు, ప్రతిదానికీ వార్డు గుర్తుతో గుడ్డచీటీ కట్టి పంపేవాళ్ళు. ఒక రోజు ఆ నంబరు నుంచి ఒక ఆడగొంతు కస్సుమంది.

"ఏమండోయ్ ఆపరేటర్ గారూ! రెండో వార్డు అడిగితే మూడో వార్డు ఇస్తారు, మూడు అడిగితే రెండు ఇస్తారు. మీకు లెక్కలు రావా, లేకపోతే నేను మళ్ళీ ఫోన్ చెయ్యాలని ఇలా చేస్తున్నారా?"

ఆయనకు లెక్కలు బాగానే వచ్చు. ఏడాది తిరక్కుండా పెళ్ళయింది.

ఆవిడకు సినిమాల పిచ్చి. భర్తకు చూపు లేదన్న కారణానికి సినిమా మానుకోవడమంటే ఆవిడకు అర్థంపర్థం లేని మాట. హాలులో వెనక వరస చివరి రెండు సీట్లు పట్టుకుని, ఆయన ఎడమచెవి దగ్గర నోరు పెట్టి, గుసగుసగా సినిమా మొత్తం చెప్పేది. కుట్టుపని మనిషి కాబట్టి చూపు ముందు బట్టల మీదే పడేది. "హీరో ఏడుస్తున్నాడండీ. పాపం. చొక్కా మాత్రం ఎవరో చెయ్యి తిరిగినవాళ్ళే కుట్టారు, కాలరు చూడండి ఎలా నిలబడిందో." మొదట్లో చుట్టుపక్కలవాళ్ళు "ష్" అనేవారు. పోను పోను కొందరు ఆవిడ ముందు సీట్లే అడిగి మరీ తీసుకోవడం మొదలుపెట్టారు. అసలు సినిమా కంటే అదే బాగుంటుందని వాళ్ళ వాదన.

ఆవిడ పోయి పద్నాలుగు నెలలైంది. జీవితమంతా గొంతుల మధ్య గడిపిన మనిషి, ఆవిడ గొంతును ఒక్కసారి కూడా రికార్డు చేసుకోలేదు. అనుకున్నదే తడవుగా పిలిస్తే పలికే గొంతును ఎవరు దాచుకుంటారు? ఇప్పుడు ఆయనకు ఆ గొంతు వినబడే చోటు ఒక్కటే మిగిలింది. సైకిల్ సినిమా. తొమ్మిదిసార్లు చూశారు దాన్ని. పాత్రల మాటలు తలుచుకుంటే చాలు, వాటి సందుల్లో ఆవిడ గుసగుస దానంతటదే వచ్చి కూర్చునేది. అందులోనూ ఆ కుక్క దగ్గర మరీ స్పష్టంగా.

అందుకే కుక్క కనబడలేదంటే ఆయన ఊరుకోలేకపోయారు.

"సర్, ఇందులో కుక్క లేదు," అంది అమ్మాయి మెల్లగా.

"ఉంది. చివర్లో సైకిల్ గంట మూడుసార్లు మోగుతుందా?"

"మోగుతుంది."

"మొదటిది ఆ పిల్ల కొడుతుంది. రెండోది వెనక కూర్చున్న ముసలాయన చెయ్యి చాపి కొడతాడు. మూడోది కుక్క."

అమ్మాయి నవ్వు ఆపుకుంటోందని ఆయనకు ఊపిరిని బట్టే తెలిసింది.

"కుక్క గంట ఎలా కొడుతుంది సర్?"

"ముందుకాలితో. బాగా నేర్పిన కుక్క."

"మరి ఒక్కసారీ మొరగదే?"

ఆపరేటర్ గారు ఒక్క క్షణం తడబడి, వెంటనే సర్దుకున్నారు. "ఇదే మాట నేనూ మా ఆవిడను అడిగాను. అది మర్యాదస్తుల కుక్క అంది."

అమ్మాయి ఏ పనైనా ఒక పద్ధతి ప్రకారం చేసే రకం. మర్నాటికల్లా, కుక్క పట్టదగ్గ ప్రతి దృశ్యాన్నీ తెర మీద ఆపి, మూల మూలా గాలించి వచ్చింది. "నూట నలభై మూడు దృశ్యాలు చూశాను సర్. కుక్క లేదు. ఒకచోట గోడ మీద పిల్లి ఉంది."

"పిల్లికీ కుక్కకీ తేడా తెలియని మనిషి కాదమ్మా మా ఆవిడ."

"ఇంకో మాట కూడా చెప్పాలి సర్." ఆమె గొంతు తగ్గించింది. "చివర్లో ముసలాయన సైకిల్ వెనక ఎక్కడు. అప్పటికి ఆయన ఉండడు. కొట్టు ముందు ఆయన కుర్చీ ఒక్కటే ఉంటుంది. ఆ పిల్లే షట్టర్ ఎత్తి, కొట్టు తెరిచి, తాను బాగుచేసిన సైకిల్ గంట మూడుసార్లు కొట్టి చూస్తుంది. అక్కడితో అయిపోతుంది."

"నువ్వు వేరే ఏదో సినిమా చూస్తున్నావు," అంటూ ఆపరేటర్ గారు లేచి, కర్ర వెతుక్కున్నారు. "ముసలాయన చచ్చిపోలేదు. పిల్ల తొక్కుతుంటే వెనక కూర్చుని, వాలుదారి వెంట సముద్రం దాకా వెళ్ళాడు. కుక్క వెంట పరిగెత్తింది. ఈ కాగితం మీద నేను సంతకం పెట్టను."

ఇంటికైతే వచ్చారు గానీ కాలు నిలవలేదు. సంతకం పెడితే కుక్క లేనట్టే. కుక్క లేకపోతే, ఆ కుక్క గురించి చెప్పిన గుసగుసో? తొమ్మిదిసార్లు ఆయన ఎడమచెవిలో పలికిన మాట అబద్ధమని, తన చేత్తోనే కాగితం మీద రాసిచ్చినట్టు కాదూ?

సాయంత్రం మరదలు మెట్లెక్కి వచ్చింది. పోయిన భార్యకు స్వయానా చెల్లెలు, కింది అంతస్తులోనే ఉంటుంది. తపాలా కార్యాలయంలో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం చేసి మానేసినా, మనుషుల్ని వేరుచేసే అలవాటు మానలేదు. బావగారిని ఎప్పుడో "మొండి" అరలో పడేసింది.

"ఏమిటి బావగారూ, టీ చల్లారిపోతోంది. ఎవరితో పోట్లాడి వచ్చారు?"

"ఒక పిల్లతో. సైకిల్ సినిమాలో కుక్క లేదంటుంది! నువ్వు కూడా వచ్చావు కదా మొదటిసారి. చెప్పు, ఉందా లేదా?"

కప్పు సాసరు మీద టకటకలాడింది. ఆ తర్వాత మరదలి గొంతులోంచి ఒక కిచకిచ బయలుదేరి, చూస్తుండగానే కడుపుబ్బ నవ్వుగా మారిపోయింది.

"ఆ కుక్క నాది బావగారూ!"

"నీదేమిటి?"

"నా కుక్కే! వాలు చెవి, ఈడుపు కాలు. మీ కాళ్ళ దగ్గర పడుకునేది కాదూ? అదే! అక్క దాన్ని తీసుకెళ్ళి సినిమాలో పెట్టింది!"

మరదలు కళ్ళు తుడుచుకుని, కుర్చీ దగ్గరకు లాక్కుని, అసలు సంగతి చెప్పింది. "మీ అక్కగారు పోయి అప్పటికి పది రోజులు కూడా కాలేదు. మీరు తిండి లేదు, మాట లేదు, గోడ వైపు తిరిగి కూర్చున్నారు. ఏదైనా నవ్వొచ్చే సినిమాకు తీసుకెళ్దామే అంది మా అక్క. టిక్కెట్లు తెచ్చింది నేనే. పోస్టర్ మీద ఒక ముసలాయన, ఒక పిల్ల, సైకిల్ ఎక్కి పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నారు. కామెడీ అనుకున్నాను."

"తర్వాత?"

"తర్వాతేముంది? తెర తీసీ తియ్యగానే చావిల్లు! అక్క నా వైపు చూసిన చూపుకు నేను సీటు కిందకు దూరాల్సింది. ముసలాయన కొట్టు ముందు ఒక్కడే కూర్చుని ఉంటాడు, మాటా పలుకూ లేకుండా, నాలుగు నిమిషాలు. మీరేమో 'ఇప్పుడేం జరుగుతోంది?' అని ఒకటే అడగడం. 'ఒక్కడే కూర్చున్నాడు' అని మీతో చెప్పడానికి దానికి నోరు రాలేదు. 'కుక్కను నిమురుతున్నాడండీ' అనేసింది. నేను గట్టిగా నవ్వబోతే చెయ్యి గిల్లింది చూడండి, వారం దాకా మచ్చ పోలేదు."

"అయితే మిగతాదంతా?"

"కుక్క వచ్చాక దాన్ని ఎక్కడో ఒకచోట ఉంచాలి కదా! ముసలాయన చచ్చిపోతే కుక్కను ఎవరు చూస్తారు? అందుకని ఆయన్ని చావనివ్వలేదు. ఎలాగోలా గట్టెక్కాం అనుకుంటుంటే, మీరు బయటికొచ్చి ఏమన్నారో గుర్తుందా? 'ఎంత బాగుందే, రేపు మళ్ళీ వెళ్దాం' అన్నారు! అక్క మొహం చూడాల్సింది. పొద్దున్నే నా దగ్గరకు పరుగెత్తుకొచ్చి, 'ఒసే, ఏ చెవి వాలిందని చెప్పానే?' అని."

మరదలు లేచి, అలమారలోంచి కుట్టుపెట్టె దింపింది. దారపుండల అడుగున, లినెన్ గదిలో దుప్పట్లకు కట్టే గుడ్డచీటీలు ఏడెనిమిది, సూదితో ఒకదానికొకటి గుచ్చి ఉన్నాయి. ఏ వార్డుకు ఎన్ని దుప్పట్లో రాసుకునేటంత శ్రద్ధగా ఆవిడ కుక్క సంగతులు రాసిపెట్టుకుంది. మరదలు చదివింది.

"'వాలింది కుడిచెవి. మర్చిపోకు.' 'వాన దృశ్యం: కుక్క బల్ల కింద. తడవలేదు.' 'పిల్ల సైకిల్ మీంచి పడ్డప్పుడు: వచ్చి చెయ్యి నాకుతుంది.' ఇది వినండి. 'ఎక్కడా మొరగదు. మొరిగితే ఆయనకు వినబడాలి.'"

ఆపరేటర్ గారు చెయ్యి చాచి చీటీలు అందుకుని, ఒక్కొక్కటీ వేళ్ళతో తడిమారు. మరదలు భయపడింది. "బావగారూ, ఎన్నోసార్లు చెప్పబోయింది. మీరేమో ఆ కుక్క కథ ఎక్స్ఛేంజ్ అంతా చెప్పుకుని మురిసిపోయేవారు. దానికి నోరు పెగల్లేదు."

"నూట పది నిమిషాలు," అన్నారాయన. "అప్పటికప్పుడు. ఉన్న మాటలు కదపకుండా, గంట మోగితే గంట, గాలి వీస్తే గాలి, అన్నీ కలుపుకుంటూ! తొమ్మిదిసార్లు! ఒక్కసారి కూడా దొరకలేదే నాకు!" ఆ గొంతులో కోపం కోసం వెతికిన మరదలికి గర్వం తప్ప ఏమీ దొరకలేదు. "పైగా అది మర్యాదస్తుల కుక్కట!" అని ఆయన నవ్వు మొదలుపెట్టారు. పద్నాలుగు నెలల నవ్వు ఒక్కసారిగా బాకీ తీర్చుకుంటున్నట్టు, మరదలు వీపు నిమరాల్సి వచ్చినంత నవ్వు.

మర్నాడు పది గంటలకు ఆయన స్టూడియోలో ఉన్నారు. జరిగిందంతా చెప్పారు. అమ్మాయి గుడ్డచీటీలు వేళ్ళతో తిప్పి తిప్పి చూసింది. "ఇంత పకడ్బందీ స్క్రిప్టు నేను కూడా రాయలేను సర్," అంది.

"నేర్చుకో. ఇప్పుడు ఆ చివరి దృశ్యం వినిపించు. అసలైనదే."

షట్టర్ గరగరలాడుతూ పైకి లేచింది. గాలి. అమ్మాయి గొంతు చెప్పింది: "కుర్చీ ఖాళీగా ఉంది." ఆ తర్వాత మరేమీ లేదు. గాలి ఒక్కటే. ఆ తర్వాత గంట, మూడుసార్లు.

"మళ్ళీ పెట్టు," అన్నారాయన. రెండోసారి విని, "ఆ మాటయ్యాక తొమ్మిది సెకన్ల ఖాళీ ఉంది. మిగతాచోట్ల అర సెకను దొరికితే వదల్లేదు నువ్వు. ఇక్కడ ఎందుకు వదిలేశావు?"

"కనిపించేది అంతే సర్. కనిపించనిది చెప్పకూడదు."

"అమ్మాయ్, ఫోన్ ఎత్తి, ఏమీ మాట్లాడకుండా, పెట్టెయ్యకుండా, అలాగే ఉండిపోయేవాళ్ళను ముప్ఫై ఎనిమిదేళ్ళు విన్నాను. నువ్వు లైన్లోనే ఉన్నావు. ఎవరు?"

అమ్మాయి పెన్సిల్ బల్ల మీద పెట్టేసింది.

"నాన్న," అంది అమ్మాయి. "ఎనిమిది నెలలైంది."

అయ్యో అనలేదాయన. జాలిపడితే దగ్గమని నేర్పిన అక్క తమ్ముడు మరి. "కుర్చీ ఎలా ఉంటుంది?" అని అడిగారు, చిరునామా అడిగినంత మామూలుగా.

"కిటికీ పక్కన ఉంటుంది. నాన్న బస్సు నడిపేవాడు. రేడియో వింటూ కూడా చెయ్యి ఊరుకునేది కాదు, కుర్చీ చేతి మీద గేర్లు మారుస్తూనే ఉండేవాడు. అక్కడ రంగంతా పోయింది. దిండు మధ్యలో గుంట పడింది. అమ్మ దాన్ని దులపదు. నన్నూ దులపనివ్వదు. నేను అటు చూడను."

"ఇక్కడి కుర్చీ వైపు చూశావా?"

ఆమె మీట నొక్కిన చప్పుడు వినిపించింది. తెర మీద బొమ్మను ఆపి, ఈసారి ముందుకు వంగి చూసింది. ఊపిరి మారింది.

"ఉంది తాతగారూ," అంది. ఇప్పటి దాకా సర్ అన్న మనిషి తనకు తెలియకుండానే మాట మార్చేసింది. "దిండు మీద గుంట ఉంది. ముందు నుంచీ ఉంది. నేనే..."

"రాయి మరి. తొమ్మిది సెకన్లుంది."

ఆమె రాసింది, కొట్టేసింది, మళ్ళీ రాసింది. మైకు ముందుకు వెళ్ళి చదివింది. "కుర్చీ ఖాళీగా ఉంది. దిండు మీద ఆయన కూర్చున్న గుంట అలాగే ఉంది. అమ్మాయి దాన్ని దులపదు." చివరి మాట దగ్గర గొంతు కొంచెం వణికింది. బాగానే ఉంది, ఉండనివ్వమన్నారు ఆపరేటర్ గారు. జేబులోంచి, మధ్యలో సన్నటి గాడి కోసిన అట్టముక్క తీసి కాగితం మీద పెట్టుకుని, ఆ గాడి వెంబడి వంకర లేకుండా సంతకం చేశారు.

"మరి మీ కుక్క తాతగారూ?"

"అందరికీ అసలు సినిమా అందాలి. కుక్క మా ఇంటిది," అన్నారాయన చీటీలు జేబులో వేసుకుంటూ. "చూడాలనుంటే ఆదివారం మా వరసకు రా."

ఆదివారం మధ్యాహ్నం హాలు ముప్పాతిక నిండింది. ముందు వరసల్లో చూపులేని ప్రేక్షకులు పాతికమంది దాకా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, అమ్మాయి గొంతు కోసం ఎదురుచూస్తున్నారు. వెనక వరస చివర ముగ్గురు: మరదలు, ఆపరేటర్ గారు, ఆయనకు ఎడమవైపు అమ్మాయి. ఆ సీటులో కూర్చోవడానికి ఆమె జంకితే, "కూర్చోమ్మా, మా అక్క ఖాళీ సీటు చూస్తే ఊరుకునేది కాదు, సంచీ పెట్టేసేది," అంది మరదలు.

దీపాలారాయి. ఆపరేటర్ గారు తన ఇయర్‌ఫోన్లు మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. "కళ్ళు మూసుకో," అని, అమ్మాయి చెవి వైపు వంగారు. "ముసలాయన కొట్టు ముందు కూర్చున్నాడు. చొక్కా మూడో గుండీ ఊడింది. కాళ్ళ దగ్గర కుక్క. ఎడమచెవి..."

"కుడి!" అని మరదలు మోచేత్తో పొడిచింది. "కుడిచెవి బావగారూ! అక్క వింటే చంపేసేది!"

"కుడిచెవి వాలింది," అని దిద్దుకున్నారాయన.

ముందు సీటులో ఉన్న బట్టతలాయన వెనక్కి తిరిగి "ష్" అన్నాడు. పావుగంటకు మళ్ళీ అన్నాడు గానీ, ఈసారి అంత గట్టిగా కాదు. తర్వాత మెల్లగా సీటులో వెనక్కి జారాడు. వాన దృశ్యం వచ్చేసరికి అతని తల వాళ్ళ మోకాళ్ళ దాకా వచ్చేసింది. ఉన్నట్టుండి, తెర మీంచి చూపు తిప్పకుండానే, "కుక్క తడుస్తోందేమోనండీ?" అని అడిగాడు.

"లేదు, బల్ల కింద ఉంది," అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

చివరి దృశ్యం వచ్చింది. షట్టర్ గరగరలాడింది. ముందు వరసల్లో ఎవరో ముక్కు చీదారు. అక్కడ ఆ పాతికమంది చెవుల్లో ఇప్పుడు ఏ మాట పలుకుతోందో అమ్మాయికి తెలుసు. మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారనిచ్చింది, తుడుచుకోలేదు. చెవి దగ్గర మాత్రం పిల్ల సైకిల్ ఎక్కింది, ముసలాయన వెనక కూర్చుని మెల్లగా పొమ్మని భుజం తట్టాడు, దారి వాలింది, గాలి ఎదురొచ్చింది, ఈడుపు కాలితోనే కుక్క వెంటపడింది.

గంట మోగింది. "పిల్ల," అన్నారు ఆపరేటర్ గారు.

మళ్ళీ మోగింది. "ముసలాయన."

మూడోసారి మోగింది. ఆయన నోరు తెరిచేలోపే ముందు సీటు బట్టతలాయన పూర్తిగా వెనక్కి తిరిగి, చీకట్లోకి తల ఊపుతూ, "బాగా నేర్పిన కుక్కండీ," అన్నాడు.

అమ్మాయి కళ్ళు తెరిచి, తడి మొహంతోనే, హాలంతా వినబడేలా నవ్వింది.